తుంటి నొప్పికి కటిక నేలే మందా?

తుంటి నొప్పి అనగానే మన ఇళ్లలో ముందు వినిపించే సలహా ఒకటే: “పరుపు తీసేసి కింద చాప మీద పడుకోండి.” ఇది అందరికీ సరిపడే సలహా కాదు. అరవై దాటినవారికి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుందని నా అభిప్రాయం.

ఎందుకో చూడండి. పక్కకు తిరిగి పడుకుంటే ఒంటి బరువు చాలావరకు భుజం మీద, తుంటి ఎముక మీద పడుతుంది. నేల లొంగదు కనుక ఆ చోటే రాత్రంతా ఒత్తుకుంటుంది. పైగా ఫజర్ నమాజుకు కింద నుంచి లేవాలంటే తుంటి పూర్తిగా మడవాలి. అలాగని మధ్యలో గుంటపడిన పాత ఫోమ్ పరుపూ మంచిది కాదు. నడుము కిందికి దిగి తుంటి వంకరగా ఉండిపోతుంది.

యునానీలో ఆరోగ్యానికి తప్పనిసరి అని చెప్పిన ఆరు అంశాల్లో నిద్ర, మెలకువ కలిపి ఒకటి. కీళ్ల నొప్పులు చాలావాటికి చల్లదనం, తేమ గుణాలున్న బల్గం కారణమని మా వైద్యం చెబుతుంది. అలాంటివారిని డిసెంబరు చలిలో సిమెంటు నేల మీద పడుకోబెట్టడం ఏం న్యాయం?

2003లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో స్పెయిన్ పరిశోధన ఒకటి వచ్చింది. చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిని పరీక్షిస్తే, బాగా గట్టి పరుపు కన్నా మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపు మీద పడుకున్నవారికే ఎక్కువ ఉపశమనం కలిగింది. అది నడుము నొప్పి మీద జరిగిన పరిశోధనే అయినా, గట్టిదే మంచిదన్న నమ్మకాన్ని ప్రశ్నించింది.

మధ్యస్థమైన పరుపు మనకు కొత్త కాదు. మన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలవారు తరతరాలుగా చేసింది ఈ పనే. బాగా ఏకిన దూది లొంగుతూనే బరువు మోస్తుంది. చెన్నైలో ఇలవం పంజు అనే బూరుగు దూది ఇంకా మెత్తన, కాని బరువైనవారి కింద త్వరగా అణిగిపోతుంది. సముద్రపు గాలి తేమకు దూది ఉండలు కడుతుంది కనుక తరచూ ఎండలో వేయండి, ఉండలు కడితే విప్పి మళ్లీ ఏకించండి. వేలు పోసి కొత్త పరుపు కొనే ముందు ఇది చేసి చూడండి. ‘ఆర్థోపెడిక్’ అని అట్ట మీద రాసినంత మాత్రాన అది వైద్యుడి చీటీ కాదు.

పరుపు సరైనదో కాదో ఇలా తెలుసుకోండి. పక్కకు తిరిగి పడుకుని, వెన్ను తిన్నగా ఉందో లేదో ఇంట్లోవారిని వెనకనుంచి చూడమనండి. నడుము జారితే మెత్తన ఎక్కువ, తుంటి ఒత్తుకుంటే గట్టితనం ఎక్కువ. గట్టిగా ఉంటే రెండు మందపాటి బొంతలు పైన పరవండి. మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టుకుంటే పై కాలు ముందుకు జారి తుంటిని లాగదు. కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనే ఎత్తు మంచం వాడండి. కుడివైపు పడుకోవడం సున్నత్. అయితే కుడి తుంటే నొప్పిగా ఉన్నవారు ఎడమవైపు తిరగడంలో తప్పులేదు.

పరుపు మందు కాదు, మందుకు తోడు. పెద్దవాళ్లు జారిపడ్డాక కాలు మోపలేకపోయినా, కాలు పొట్టిగా కనిపించినా నూనె రాసి మర్దన చేయకండి, వెంటనే ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించండి. జ్వరంతో వచ్చే తుంటి నొప్పిని, వారాల తరబడి నిద్ర చెడగొట్టే నొప్పిని కూడా వైద్యుడికి చూపించాలి. “వయసు కదా, ఓర్చుకోవాలి” అని పెద్దలను సరిపెట్టకండి. రాత్రి హాయిగా నిద్రపోవడం వాళ్ల హక్కు.