కోడూరుకు రిసార్టు కాదు, ఇంటి గది కావాలి
ఇటలీలో సముద్రం ఒడ్డు పల్లెలో శని, ఆదివారాలు గడపాలని ఆశపడేవాళ్ళు మనలోనూ పెరిగారు. తప్పేమీ లేదు. కానీ ఆ ముచ్చటకు పాస్‌పోర్టు అక్కర్లేదు. నెల్లూరు నుంచి తోటపల్లి గూడూరు వైపు వరిచేలు, రొయ్యల గుంటలు దాటుకుంటూ పోతే కోడూరు తీరం వస్తుంది. కొరతల్లా ఊళ్ళో ఒక రాత్రి ఉండే అలవాటుకే. ఎక్కువమంది పొద్దున వచ్చి, మునకలేసి, ప్లాస్టిక్ ప్లేట్లు ఇసుకలో వదిలి చీకటి పడేలోపు వెళ్ళిపోతారు; ఊరికి మిగిలేది చెత్తే. దీనికి మందు రిసార్టులే అంటారు కొందరు. నేనొప్పుకోను. గ్రామీణ తీరంలో స్థానికులు తమ ఇళ్ళను, రూపురేఖలు మార్చకుండా, అతిథులకు ఇచ్చుకోవచ్చని 2019 నాటి తీర నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) నోటిఫికేషనే చెబుతోంది. పైగా తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం. బడులకు సెలవులిచ్చేదీ దాదాపు అప్పుడే. వలలు ఒడ్డున పడి ఉండే ఆ రెండు నెలలూ ఒక గది అద్దె, అతిథికి పెట్టే రెండు పూటల భోజనం మత్స్యకార కుటుంబానికి ఆసరా అవుతాయి. అయితే ఇటలీ చేస్తున్న హెచ్చరికా వినాలి: 1997లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన చింక్వే తెర్రె ఐదు పల్లెలూ జనం తాకిడికి ఉక్కిరిబిక్కిరై, పేరున్న కాలిబాటలకు టికెట్ పెట్టుకున్నాయి. కాబట్టి ఎన్ని గదులో పంచాయతీ ముందే తేల్చాలి; మరుగుదొడ్లు, చెత్తబండి, గజ ఈతగాళ్ళు సిద్ధమయ్యాకే పర్యాటకులను పిలవాలి.