చేతులు కాలాక డ్రైవర్లు

2024లో ఒక శనివారం రాత్రి. అంతకుముందు నవంబర్లో వీఎంవేర్ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్ళింది, లైసెన్సుల లెక్కలు మారాయి. మా ఆఫీసులోనూ "కేవీఎంకి మారిపోదాం" అన్నారు. డిస్కులు కాపీ చేశాం, కన్వర్ట్ చేశాం, విండోస్ సర్వర్ ఆన్ చేశాం. నీలం తెర! బూట్ డిస్కు అందట్లేదట. పక్కనున్న రెడ్‌హ్యాట్ కూడా రూట్ డిస్కు కనపడక ఎమర్జెన్సీ షెల్‌లో కూర్చుంది. తెల్లారేదాకా టీలు, తిట్లు.

తప్పు కేవీఎంది కాదు, మాది.

గెస్టుకి డిస్కునీ, నెట్‌వర్క్ కార్డునీ రెండు రకాలుగా చూపించొచ్చు. మొదటిది, ఈ1000, ఐడీఈ లాంటి నిజం హార్డ్‌వేర్‌లా నటించడం. దాదాపు ఏ ఓఎస్ అయినా బూటవుతుంది గానీ, గెస్టు రిజిస్టర్ని కదిపినప్పుడల్లా హైపర్‌వైజర్ పరిగెత్తుకు రావాలి. రెండోది, "నేను వీఎమ్‌నే" అని గెస్టు ఒప్పేసుకుని, హోస్టుతో పంచుకున్న మెమరీలో పనులు వరసగా పెట్టి ఒక్కసారి తలుపు తట్టడం. అదే పారావర్చువల్ డ్రైవర్.

చిక్కల్లా ఒక్కో ఇంటికి ఒక్కో తాళం. వీఎంవేర్‌కి వీఎమ్ఎక్స్‌నెట్3, పీవీస్కసీ. హైపర్-వీకి వీఎమ్‌బస్ మీద నెట్‌వీఎస్‌సీ, స్టోర్‌వీఎస్‌సీ. కేవీఎంకి వర్ట్‌ఐఓ. లినక్స్‌లో వర్ట్‌ఐఓ 2008 నాటి 2.6.24 కెర్నెల్ నుంచీ ఉంది. మరి మా రెడ్‌హ్యాట్ ఎందుకు లేవలేదు? కెర్నెల్‌తో పాటు వస్తే చాలదు, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో ఉండాలి. హోస్ట్-ఓన్లీ పద్ధతిలో డ్రాకట్ ఇప్పుడున్న హార్డ్‌వేర్‌కి కావలసినవే మూట కడుతుంది. విండోస్ సర్వర్‌తో అయితే వర్ట్‌ఐఓ అసలు రానే రాదు, మనమే పెట్టుకోవాలి.

అందుకే నేననేది, మారే రోజు కాదు, మారే ఆలోచన లేని రోజే డ్రైవర్లు పెట్టేయండి. టెంప్లేట్ చేసేటప్పుడే విండోస్‌లో వర్ట్‌ఐఓ-విన్ ఐఎస్ఓ నుంచి ఇన్‌స్టాల్ చేయండి. లినక్స్‌లో వర్ట్‌ఐఓ మాడ్యూళ్ళు కలిపి ఇనిట్‌రామ్ మళ్ళీ కట్టండి. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసినా బూట్‌లో లోడవుతుందన్న నమ్మకం లేదు. కొత్తచోట బూట్ డిస్కుని ముందు సాటాగా ఉంచి, పక్కన 1 జీబీ ఖాళీ డిస్కుని వర్ట్‌ఐఓ-స్కసీ మీద తగిలించండి. విండోస్ దాన్ని గుర్తుపట్టాక షట్‌డౌన్ చేసి అసలు డిస్కుని మార్చండి. ఇంకోటి, లినక్స్‌లో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పేరు మారి ఐపీ ఎగిరిపోవచ్చు. కన్సోల్ పాస్‌వర్డ్ దగ్గరుంచుకోండి.

"ఈ1000తో నడుస్తోంది కదా, వదిలేయ్" అనేవాళ్ళుంటారు. మా మేనేజరుగారూ అదే అన్నారు. నడుస్తుంది, కాదనను. నెలాఖరు బ్యాచ్ జాబ్ రోజు సీపీయూ ఎందుకు ఉడికిపోతోందో వెతకాల్సింది మాత్రం ఆయన కాదు, మనం.

లైసెన్సు ఖర్చు మీద గంటలకొద్దీ మీటింగులు పెడతాం. ఆ ఇంట్లోంచి బయటపడి ఇంకో ఇంట్లో దూరడానికి తాళంచెవి మన దగ్గరుందా అని మాత్రం చూసుకోం. మీ టెంప్లేట్లో ఎన్ని తాళంచెవులున్నాయి? సోమవారం ఆఫీసుకెళ్ళగానే ఓసారి చూడండి. శనివారం రాత్రి హాయిగా నిద్రపోవచ్చు.