విహారంలో వివేకం

విహారం మనసుకు ఉల్లాసాన్ని, సాహసం వ్యక్తిత్వానికి దార్ఢ్యాన్ని చేకూరుస్తాయి. ఈ రెండింటినీ కోరి బాన్సువాడ వంటి పట్టణాల విద్యార్థులు సెలవుల్లో గుర్రపు స్వారీ శిబిరానికి వెళ్ళదలచితే, ప్రకటనలోని ఎత్తైన దూకుళ్ళ చిత్రం వారిని ఆకర్షించడం సహజం. అయితే ఎంపికకు ఆ చిత్రం ఆధారం కారాదు.

క్రాస్ కంట్రీ స్వారీలో గుర్రం మైదానాల మీదుగా పరుగెడుతూ దుంగలను, కందకాలను, నీటిమడుగులను దాటాలి. తగిలితే పడిపోయే కమ్మీల వంటివి కావు ఆ అవరోధాలు; చాలావరకు స్థిరమైనవి. 1995లో అమెరికాలోని వర్జీనియాలో జరిగిన ఇటువంటి పోటీలో, ‘సూపర్‌మ్యాన్’ చిత్ర కథానాయకుడు క్రిస్టఫర్ రీవ్ అధిరోహించిన గుర్రం అవరోధం ముందు హఠాత్తుగా ఆగిపోయింది. శిరస్త్రాణం ధరించినప్పటికీ ఆయన మెడ ఎముక విరిగి, శరీరం చచ్చుబడింది.

అలాగని ఈ విద్యను విడనాడనక్కరలేదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో రఘుబీర్ సింగ్ స్వర్ణం సాధించిన ఈవెంటింగ్‌లో, 2018లో జకార్తాలో ఫవాద్ మీర్జా రజతం గెలుచుకున్నాడు. క్రాస్ కంట్రీ అందులో ఒక అంగం. అట్టి విజయాలకు మూలం ఏళ్ళ తరబడి చేసిన సాధన.

కనుక శిబిరాన్ని ఎంచుకునేవారు కొన్ని విషయాలు విచారించాలి. నడక, దుడుకు, దౌడులలో నిలకడ కుదిరాకనే దూకుడు నేర్పుతారా? శిరస్త్రాణం, వక్షఃకవచం తప్పనిసరా? ప్రథమ చికిత్సకు ఏర్పాట్లున్నాయా? నోరులేని ఆ జీవానికి తగిన విశ్రాంతి ఉందా? తొలిరోజే దూకిస్తామనే గురువు కన్నా, “ఇంకా సమయం రాలేదు” అని వారించగల గురువే నమ్మదగినవాడు.