అటక మీది గిటారు

గణేశ్ నవరాత్రులొచ్చాయంటే ఒకప్పుడు ఊళ్లో ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. భూపాలపల్లి జిల్లా చిట్యాల కావచ్చు, గోదావరి ఒడ్డు పల్లె కావచ్చు... స్టేజీ మీద డ్రమ్స్, కీబోర్డు, వాటి పక్కన భుజానికి పట్టీ వేసుకుని ఎలక్ట్రిక్ గిటారు వాయించే కుర్రాడు. పిల్లల చూపంతా అతడి మీదే! తర్వాత డీజేలు వచ్చాయి. ఆర్కెస్ట్రాలు తగ్గిపోయాయి. మరి ఆ గిటార్లు ఏమయ్యాయి? కొన్ని అటకెక్కాయి. కొన్ని పాత సామాన్ల బండెక్కాయి. ఇంకొన్నింటికి ఇంట్లో పిల్లలు ముచ్చటపడి కొత్త రంగు వేశారు.

మిగతావి ఎలా ఉన్నా, ఆ రంగు పని మాత్రం చెయ్యొద్దంటారు పాత గిటార్లు సేకరించేవాళ్లు. ఒక్క డబ్బా రంగుతో గిటారు విలువ సగానికి సగం పడిపోవచ్చట. మాసిపోయిన పాత రంగుకు అంత విలువేంటి అనుకుంటున్నారా? అది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పేరు కత్తిరించారు... ధర పెరిగింది!

వీణకు కుండ ఉన్నట్టు మామూలు గిటారుకు బోలు పొట్ట ఉంటుంది. తీగ మీటితే ఆ పొట్టలోని గాలి కదిలి శబ్దం పెద్దదవుతుంది. ఎలక్ట్రిక్ గిటారుకు ఆ అవసరం లేదు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట ఉంటాయి. దీన్నే పికప్ అంటారు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. దాన్ని యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. అంతే! 1930ల మొదట్లో అమెరికాలో రికెన్‌బాకర్ సంస్థ ఈ పద్ధతిలో గిటారు తయారుచేసి అమ్మింది. చూడ్డానికి పెనంలా ఉండేది కాబట్టి దానికి ‘వేపుడు పెనం’ అనే పేరు స్థిరపడిపోయింది.

పొట్టతో పనిలేనప్పుడు గట్టి చెక్కతోనే చేస్తే పోలా? కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ ఆ పనే చేశాడు. విచిత్రమేంటంటే ఆయనకు గిటారు వాయించడం రాదు! 1950లో ఆయన తెచ్చిన గిటారు పేరు ‘బ్రాడ్‌కాస్టర్’. దాదాపు అదే పేరుతో తాము డ్రమ్స్ అమ్ముతున్నామని గ్రెట్ష్ అనే సంస్థ 1951లో అభ్యంతరం చెప్పింది. అప్పటికే అచ్చువేయించిన లేబుళ్లను పారేయడం ఇష్టంలేని ఫెండర్ సిబ్బంది, వాటి మీద ‘బ్రాడ్‌కాస్టర్’ అన్న ముక్కను కత్తిరించి అంటించేశారు. ‘టెలికాస్టర్’ అని కొత్త పేరు వచ్చేవరకూ కొన్ని నెలలపాటు గిటార్లు పేరు లేకుండానే బయటికెళ్లాయి. వాటినే సేకర్తలు ‘నోకాస్టర్’ అంటూ వెతుక్కుంటారు. కత్తెరతో చేసిన సర్దుబాటు అరుదైన సరుకుగా మారిందన్నమాట.

గిబ్సన్ సంస్థ ‘లెస్ పాల్’ది మరో కథ. సూర్యాస్తమయంలా మధ్యలో పసుపు, అంచుల్లో ఎరుపు కలగలిసిన ఈ గిటార్లు 1958లో మొదలయ్యాయి. సరిగ్గా అమ్ముడుపోక, 1960తో ఆపేసి కొత్త ఆకారం తెచ్చారు. ఆ తర్వాత కొన్నేళ్లకు కీత్ రిచర్డ్స్, ఎరిక్ క్లాప్టన్ లాంటి వాద్యకారుల చేతుల్లో ఆ పాత గిటారు మోగింది. ఇంకేముంది... అందరికీ అదే కావాలి! కానీ 1959లో కంపెనీ నుంచి బయటికొచ్చినవి సుమారు 643 మాత్రమే. ఒకనాడు ఎవరికీ అక్కర్లేని ఆ గిటారు ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతోంది.

మరకలే సాక్ష్యాలు

ధర లక్షల్లో ఉంటే నకిలీలు ఊరుకుంటాయా? అందుకే తెలిసినవాళ్లు గిటారును మోగించే ముందు స్క్రూడ్రైవర్ అందుకుంటారు. మొదట చూసేది సౌండు పెంచే నాబ్ అడుగున ఉండే చిన్న భాగాన్ని. దాని మీద అంకెలుంటాయి. ఉదాహరణకు 1375946 అని ఉందనుకోండి. 137 అనేది దాన్ని తయారుచేసిన సంస్థ గుర్తు. 59 అంటే 1959వ సంవత్సరం. 46 అంటే ఆ ఏడాది 46వ వారం. అంటే ఆ భాగం అసలుదైతే గిటారు అంతకంటే ముందు తయారైంది కాదని తేలినట్టే. సీరియల్ నంబరును మాత్రం పూర్తిగా నమ్మరు. 1960ల్లో గిబ్సన్ వాళ్లే ఒకే నంబరును ఒకటికంటే ఎక్కువ గిటార్లకు వేశారు మరి.

తర్వాత లోపలి టంకం చూస్తారు. ఎవరైనా విప్పి మళ్లీ అతికిస్తే తెలిసిపోతుంది. ఆపైన గది చీకటి చేసి, నోట్లు పరీక్షించే అల్ట్రావయొలెట్ దీపం వేస్తారు. దశాబ్దాల నాటి వార్నిష్ ఆ వెలుగులో ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో మెరుస్తుంది. మధ్యలో కొత్త రంగు పడితే అక్కడ మచ్చలా వేరుగా కనిపిస్తుంది. మెట్ల మీద తీగ ఒరుసుకున్న గీతలు, మెడ వెనక బొటనవేలు ఆనీ ఆనీ నునుపుదేలిన చోటు... ఇవన్నీ ఆ గిటారు జాతకం చెబుతాయి.

చెక్కకూ ఓ లెక్క ఉంది. ఆనాటి చాలా గిటార్లకు మెట్లు బిగించే పలకను బ్రెజిల్ రోజ్‌వుడ్‌తో చేసేవారు. ఆ చెట్లు అంతరించిపోయే దశకు చేరడంతో 1992 నుంచి ఆ కలప అంతర్జాతీయ వ్యాపారంపై కఠిన ఆంక్షలున్నాయి. అందుకే పాత గిటారును దేశం దాటించాలన్నా కాగితాలు కావాల్సి రావచ్చు. ఆ కలప దొరకడం కష్టమయ్యాక తయారీదారులు మన దేశపు రోజ్‌వుడ్ వైపు మళ్లారు. మన అడవుల్లో జిట్రేగి అని పిలుచుకునే చెట్టు అదే!

అన్నీ మారినా...

ఇంతకీ ఏ భాగమూ మార్చని గిటారుకే విలువా? అలాగైతే డేవిడ్ గిల్మర్ నల్ల గిటారును ఎవరూ కొనకూడదు. పింక్ ఫ్లాయిడ్ బృందంలోని ఈ బ్రిటిష్ వాద్యకారుడు 1970లో న్యూయార్క్ దుకాణంలో ఓ ఫెండర్ స్ట్రాటోకాస్టర్ కొన్నాడు. ఏళ్లపాటు దాంతో ప్రయోగాలు చేశాడు. మెడ మార్చాడు. పికప్‌లు మార్చాడు. అదనంగా మీటలు పెట్టించాడు. సేకర్తల లెక్కలో అది మామూలు సరుకు కిందే జమ. కానీ 2019లో వేలానికి పెడితే 39 లక్షల 75 వేల డాలర్లకు పోయింది. అప్పటి లెక్కలో దాదాపు 27 కోట్ల రూపాయలు! వేలంలో వచ్చిన సొమ్మును ఆయన పర్యావరణ పరిరక్షణకు ఇచ్చేశాడు.

అంటే విలువ రెండు రకాలు. ఒకటి చేసిన చేతిది. రెండోది వాయించిన చేతిది. ఈ రెండో మాటకు సాక్ష్యం కోసం లండన్ దాకా వెళ్లక్కర్లేదు. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లు చాలు.

1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్నప్పుడే తండ్రి సత్యనారాయణ మాండలిన్ అందుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు ఆ వాద్యం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విని తీగల మీద పలికించేవాడు. అసలు చిక్కు వేరే ఉంది. మామూలు మాండలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన స్వరం ఇట్టే ఆగిపోతుంది. కర్ణాటక సంగీతంలో గమకం పలకాలంటే స్వరం నిలవాలి, ఊగాలి. అందుకే శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు. జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. విదేశీ వాద్యంతో మన సంగీతమా అని పెదవి విరిచినవాళ్లున్నారు. 1978లో గుడివాడలో తొలి కచేరీ. 1981లో మద్రాసు సంగీతోత్సవం. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. ఆ పెదవులే ‘ఆహా’ అన్నాయి. 1998లో పద్మశ్రీ వరించింది. ప్రపంచంలోని గొప్ప ఎలక్ట్రిక్ గిటారు విద్వాంసుల్లో ఒకరైన జాన్ మెక్‌లాఫ్లిన్ ఆయనతో కలిసి ఊరూరా కచేరీలు చేశారు. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే శ్రీనివాస్ కన్నుమూశారు. కొట్లో కొంటే అది ఒక చిన్న వాద్యం. కానీ ఆ పేరు వినగానే ఇప్పటికీ మనకు గుర్తొచ్చేది ఆ చేతులే.

దించే ముందు...

ఇప్పుడు మళ్లీ మన అటక దగ్గరికొద్దాం. అక్కడున్నది ఏ కలకత్తా తయారీ గివ్‌సనో, గిబ్టోనో అయ్యుండొచ్చు. విదేశీ గిటార్లు అందనంత ఖరీదున్న రోజుల్లో మన ఆర్కెస్ట్రాలను నడిపింది ఇలాంటివే. కోట్లు రావు. అయినా కిందికి దించండి. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడవండి. పాలిష్, రంగు జోలికి వెళ్లొద్దు. చెడిపోయిన భాగం మార్పిస్తే పాతదాన్ని పారేయకుండా ఓ కవర్లో వేసి గిటారుతోనే ఉంచండి. ఎండ పడే కిటికీ పక్కనా, చెమ్మ పట్టే గోడకూ ఆనించొద్దు. చాలాకాలం వాడకపోతే తీగలు కాస్త వదులు చేయండి.

ముఖ్యంగా ఇంకో పని. దాన్ని వాయించిన పెదనాన్నో, బాబాయో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏయే ఊళ్లలో వాయించారు... అడిగి రాసిపెట్టండి. పాత ఫొటో ఉంటే దాని వెనక తేదీ వేయండి. చెక్కకు వయసు చెప్పే అంకెలుంటాయి. చేతికి ఉండవు. ఆ కథ చెప్పేవాళ్లు వెళ్లిపోతే అటక మీద మిగిలేది ఒట్టి చెక్కే.

అన్నీ అయ్యాక కొత్త తీగలు వేయించి ఆయన చేతికే ఇవ్వండి. శ్రుతి కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు!