ఆకాశచిత్రముల మేలిమి

రాష్ట్రమున 2020 డిసెంబరు 21న ఆరంభమైన భూముల రీసర్వేలో డ్రోనులు తీసిన ఛాయాచిత్రములు పొలము హద్దులను నిర్ణయించు సాధనములలో నొకటియయ్యెను. రైతు గట్టు చిత్రముపై ఆధారపడునపుడు ఆ చిత్రము మేలిమిని కొలువవలదా? "ఒక్కొక్క పిక్సెలు భూమిపై ఇన్ని సెంటీమీటర్లు" అని గుత్తదారు వ్రాసియిచ్చు నొక్క అంకెతో తృప్తిపడుట తగదు.

అలిపిరిని చూడుఁడు. అలిపిరికి 2000 మీటర్ల యెత్తున, అదే మట్టమునఁ బోవు విమానము తిరుమలపైకి వచ్చుసరికి నేలకు 1400 మీటర్ల లోపుననే యుండును. కొండ దిగువ 20 సెంటీమీటర్లైన పిక్సెలు కొండమీఁద 14కు దిగును. ఒకే యానమున రెండు కొలతలు! మీఁదిది సన్నమైనదని సంతసింపఁ బనిలేదు. అచ్చట ప్రక్కప్రక్క చిత్రములు ఒకదానిపై నొకటి కప్పుకొను భాగము తగ్గును. ఎత్తుపల్లముల లెక్కకు ఆ భాగమే యాధారము.

పిక్సెలు చిన్నదైనంత మాత్రమునఁ జిత్రము స్పష్టము కాదు. సెకనుకు 10 మీటర్లు పోవు డ్రోనుపై కెమెరా సెకనులో నూఱవ వంతు తెఱచియుండిన, ఆలోపల నది 10 సెంటీమీటర్లు జరుగును. పిక్సెలు 5 సెంటీమీటర్లే యైనను గట్టు అంచు రెండు పిక్సెళ్ల మేర చెదరిపోవును. కటకము దోషము, మంచు, శేషాచలపు వేసవిమంటల పొగ వేఱు.

దీనికిఁ బరీక్ష క్రొత్తది కాదు. అమెరికా వైమానికదళము 1951లోనే మూఁడేసి గీతల గుంపులను, క్రమముగా సన్నగిల్లునట్లు, ప్రమాణముగా నేర్పఱచెను. మూఁడును విడివిడిగాఁ గనఁబడు మిక్కిలి సన్నని గుంపే ఆ కెమెరా శక్తి. చూచువాని కన్నునుబట్టి తీర్పు మాఱును గనుక, నేఁటి యింజనీర్లు నలుపు తెలుపుల నడిమి అంచు ఎన్ని పిక్సెళ్లలో మాఱుచున్నదో గణించి, సూక్ష్మభేదములు ఎంతవఱకు నిలుచునో లెక్కగట్టుచున్నారు. అయితే నలుపు తెలుపుల గీతలలో నెగ్గిన కెమెరా, ఎఱ్ఱమట్టి పొలముల నడుమనున్న ఎఱ్ఱమట్టి గట్టును పట్టలేకపోవచ్చును. చిత్తూరు రైతునకుఁ గావలసినది ఆ రెండవ పరీక్ష. సన్నని వర్ణభేదము గల గీతలును నేలపైఁ బఱవవలెను.

1974లో హైదరాబాదున నెలకొన్న దూరసంవేదన సంస్థ చిరకాలముగా విమానచిత్రములు తీయుచున్నది. నేర్పు మన యింటనే యున్నది. కావున ప్రతి గుత్తలోను, అదే దినమున, అదే యానమునఁ దీసిన పరీక్షాగీతల చిత్రమును జేర్చవలెనని షరతు పెట్టుఁడు. కొండప్రాంతమైనచో దిగువ నొకచోట, మీఁద నొకచోట గీతలు పఱపింపుఁడు. ఫలితమును తహసీలుదారు కచ్చేరీలో, హద్దు పటము ప్రక్కనే అంటింపుఁడు.