పెద్దవాళ్ల పనులు పెద్దవాళ్లకి తిరిగి ఇచ్చేద్దాం

కరోనా రోజుల మాట వస్తే మనందరం దాదాపు ఒకటే చెప్పుకుంటాం. అంట్లు తోమి తోమి చేతులు అరిగిపోయాయనీ, పాల ప్యాకెట్లు కూడా సబ్బు నీళ్లతో కడిగామనీ, ఆన్‌లైన్ క్లాసుల పుణ్యమా అని పిల్లల చేతికి ఫోన్లు వెళ్లిపోయాయనీ. ఇంట్లో పెద్దవాళ్ల సంగతి వచ్చేసరికి మాత్రం "గడప దాటనివ్వకుండా కాపాడుకున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. కాపాడుకున్న మాట నిజమే, నేను కాదనను. కానీ ఆ కాపాడుకోవడంలో వాళ్ల చేతుల్లోంచి కొన్ని పనులు ఇంట్లోవాళ్ల చేతుల్లోకి వచ్చేశాయి. కరోనా వెళ్లిపోయి ఇన్నాళ్లయినా చాలా ఇళ్లలో ఆ పనులు వాళ్లకి తిరిగి వెళ్లలేదు. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది వాటి గురించే.

పనులంటే పెద్ద పెద్దవేం కావు. మా అత్తయ్యగారి సంగతే చెబుతాను. 2020 నాటికి ఆవిడకి 72 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగరు, దానికి తోడు బీపీ. మామయ్యగారు పోస్టల్ డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యారు, ఆయన పోయాక ఆవిడకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. నెల మొదట్లో పోస్టాఫీసుకి వెళ్లి డబ్బు తీసుకోవడం, పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించుకోవడం ఆవిడ పని. వారానికి రెండుసార్లు పటమట రైతు బజారు ఆవిడ పని. మూడు నెలలకోసారి పరగడుపున ల్యాబుకి వెళ్లి రక్తం ఇచ్చి, టిఫిన్ చేసి రెండు గంటలాగి మళ్లీ ఇచ్చి, సాయంత్రం ఆ కాగితాలు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లడం ఆవిడ పని. మందులు కొనుక్కోవడం కూడా ఆవిడ పనే.

అన్నీ కలిపినా వారానికి నాలుగైదు గంటలు. కానీ ఆవిడ వారం మొత్తం ఆ నాలుగైదు గంటల చుట్టూనే అల్లుకుని ఉండేది. రేపు బజారు అంటే ఈ రోజే సంచి ఉతికి ఆరేసేవారు. పెన్షన్ రోజున పోస్టాఫీసు బల్ల మీద ఆవిడ ఈడు వాళ్లు నలుగురు కలుసుకునేవారు. ఎవరి కోడలు ఎలాంటిదో అక్కడే తేలిపోయేదనుకోండి, అది వేరే సంగతి! ఎవరికి మోకాళ్లు పట్టేశాయి, ఎవరికి కంట్లో శుక్లం ముదిరింది, ఏ డాక్టరు బాగా చూస్తాడు, ఇవన్నీ కూడా అక్కడే. ల్యాబులో కుర్రాడికి ఆవిడ ఏ చేతికి నరం దొరుకుతుందో తెలుసు. గోంగూర అమ్మే ఆవిడకి, ఈవిడ కట్టకి రూపాయి తగ్గించకపోతే కదలదని తెలుసు. ఇంటి బయట ఆవిడని ఆవిడగా ఎరిగినవాళ్లు వీళ్లు. అక్కడ ఆవిడ ఎవరి అమ్మా కాదు, ఎవరి అత్తగారూ కాదు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. 65 దాటినవాళ్లు, షుగరు, బీపీ లాంటి జబ్బులున్నవాళ్లు ఇళ్లలోనే ఉండాలని చెప్పారు. మే నెల నుంచి వచ్చిన ఉత్తర్వులు గుర్తుంటే, వాటిలో "అత్యవసరాలకి, వైద్యానికి తప్ప" అన్న అర్థం వచ్చే మాట ఒకటి ఉండేది. బీఏ తెలుగు చదివినదాన్ని కదా, మాటలు పట్టుకు వేలాడే అలవాటు నాకు. ఆ "తప్ప" అన్న రెండక్షరాల్లోనే మా అత్తయ్యగారి రక్త పరీక్ష, డాక్టరు, మందులు అన్నీ ఉన్నాయి. మన ఇళ్లకి వచ్చేసరికి ఆ "తప్ప" ఎగిరిపోయింది. "పెద్దవాళ్లు బయటికి రాకూడదు" అన్నదొక్కటే మిగిలింది.

అమెరికా నుంచి మా మరిది రోజూ ఫోను. "వదినా, అమ్మని అడుగు బయట పెట్టనివ్వద్దు." మా ఆడపడుచుదీ అదే మాట. ప్రేమతోనే అన్నారు, దూరాన ఉన్నవాళ్ల భయం దూరాన ఉన్నవాళ్లది. అయితే ఆ ఫోన్లన్నీ నాకో మా వారికో వచ్చేవి. పక్క కుర్చీలోనే కూర్చున్న ఆవిడని "అమ్మా, నువ్వేమంటావు?" అని అడిగినవాళ్లు లేరు.

బజారు పని మా వారికి వచ్చింది. రైతు బజార్లని విడగొట్టి మైదానాల్లో పెట్టారు కదా, అక్కడ గీసిన గుండ్రాల్లో నిలబడి ఆయన తెచ్చిన బెండకాయలు విరిస్తే విరగవు, వంగుతాయంతే. మొదట్లో అత్తయ్యగారు "ఒరే నాన్నా, చివర తుంచి చూడాలిరా" అని నేర్పేవారు. రెండు నెలలకి నేర్పడం మానేశారు. ఆ తరవాత ఏం కూర కావాలని అడిగితే "ఏదో ఒకటి చెయ్యమ్మా" అనడం మొదలైంది. నాకు బెంగ పుట్టించింది ఆ "ఏదో ఒకటి". నలభై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషికి ఏం కూర తినాలో కూడా పట్టింపు పోయిందంటే అది వయసు వల్ల వచ్చింది కాదు. రెండు నెలల్లో అంత వయసు మీద పడదు.

వైద్యం దగ్గరికి వద్దాం. అసలు ప్రమాదం ఉన్నది ఇక్కడ.

లాక్‌డౌన్ మొదలైన మార్చి 25నే, ఫోనులో, వీడియోలో వైద్యం ఎలా చెయ్యాలో డాక్టర్లకి కేంద్రం నియమాలు విడుదల చేసింది. ఏప్రిల్లో ఈ-సంజీవని ఓపీడీ వచ్చింది. ప్రైవేటు డాక్టర్లూ వాట్సాప్‌లో చూడటం మొదలుపెట్టారు. ఆస్పత్రి మెట్లెక్కే పని లేకుండా ఇంట్లోంచే మందులు రాయించుకోగలగడం ఆ రోజుల్లో ఎంత మేలు చేసిందో చెప్పక్కర్లేదు. దాన్ని నేను తక్కువ చెయ్యను.

కాకపోతే ఆ ఫోను ఎవరి చేతిలో ఉంది? కొడుకు చేతిలో. డాక్టరమ్మ తెర మీదికి వచ్చి "ఆవిడకి ఎలా ఉందండీ?" అంటారు. "బాగానే ఉంది మేడమ్, షుగరు నూట అరవై" అని కొడుకు చెబుతాడు. "మందులు వేసుకుంటున్నారా?" "ఆఁ, వేసుకుంటోంది." అత్తయ్యగారు పక్కనే చీర కొంగు సర్దుకుని కూర్చుని ఉంటారు. మూడు నిమిషాల్లో అయిపోతుంది. చివర్లో ఫోను అటు తిప్పితే ఆవిడ నమస్కారం పెడతారు. ఇదీ అపాయింట్‌మెంటు.

ఆ ఏడాది ఆగస్టులో ఆవిడ రాత్రిపూట నాలుగైదుసార్లు లేవడం నేను గమనించాను. మంచినీళ్లు తాగడం తగ్గించేశారు. అడిగితే "ఏం లేదమ్మా" అన్నారు. ఆ వారం డాక్టరు ఫోను ఉంది. మా వారికి చెప్పి ఫోను నేను తీసుకుని, కాల్ కలిపి, ఆవిడ చేతికిచ్చి, గది తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చేశాను. పావుగంట మాట్లాడారు. మూత్రంలో మంట మొదలై మూడు వారాలైందట. కొడుకు ముందు, వీడియోలో ఆ మాట ఎలా చెబుతుంది ఏ తల్లైనా? డాక్టరమ్మ వెంటనే మూత్ర పరీక్ష రాశారు. ఇన్ఫెక్షన్ ఉందని తేలింది, మందులతో తగ్గింది. షుగరున్నవాళ్లకి అది అశ్రద్ధ చేస్తే కిడ్నీల దాకా వెళ్తుందని మనకందరికీ తెలిసిందే. ఆ మూడు వారాల్లో డాక్టరుతో ఒకసారి వీడియో మాట్లాడటం అయింది, అప్పుడూ "బాగానే ఉంది" అనే చెప్పారు. మా వారిని తప్పు పట్టి లాభం లేదు, ఆయనకి తెలిసింది ఆయన చెప్పారు. తెలియాల్సిన మనిషిని అడగలేదు, అంతే.

మనం ఆడవాళ్లం, మనకిది వేరే చెప్పాలా? మనకే ఎన్ని సంగతులు లేవు, లేడీ డాక్టరు ముందు తప్ప నోట రానివి! డెబ్బై ఏళ్లు వచ్చినంత మాత్రాన ఆ బిడియం పోతుందా? ఒంటరిగా డాక్టరు ముందు కూర్చునే పది నిమిషాలు ఏ వయసులోనైనా మన సొత్తు. పెద్దవాళ్లని తోడుండి తీసుకెళ్లడం మంచిదే. కానీ లోపలికి వెళ్లాక కాసేపు బయట కూర్చోవడం కూడా తోడుండటంలో భాగమే.

ఆ తరవాత టీకా. 2021 మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకి వేయడం మొదలుపెట్టారు. కోవిన్‌లో అప్పట్లో ఒక ఫోను నంబరు మీద నలుగురి పేర్లు నమోదు చేసుకునే వీలుండేది కాబట్టి ఇంటికో నంబరుతో పని కానిచ్చేశాం. అది వీలు కోసం పెట్టిందే. రెండో డోసు గడువేమో మొదట నాలుగు నుంచి ఆరు వారాలన్నారు, కోవిషీల్డుకి తరవాత ఆరు నుంచి ఎనిమిది అన్నారు, మే నెలలో పన్నెండు నుంచి పదహారు అన్నారు. మారినప్పుడల్లా కబురు కొడుకు ఫోనుకే. అత్తయ్యగారు ఒకరోజు అడిగారు, "సూది నాకు, మెసేజి వాడికెందుకమ్మా?" అని. నవ్వుతూనే అన్నారు గానీ అందులో న్యాయం ఉంది. ఆ నంబర్లు ఇప్పటికీ మారలేదు చాలా ఇళ్లలో. ల్యాబు రిపోర్టు, మందుల బిల్లు, పెన్షన్ పడిన మెసేజి, అన్నీ పిల్లల ఫోన్లలోకే. తన రక్తంలో చక్కెర ఎంతుందో తెలుసుకోవాలన్నా కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాలి.

లైఫ్ సర్టిఫికెట్ సంగతి ఇంకో ముచ్చట. కేంద్ర ప్రభుత్వ పెన్షన్ తీసుకునేవాళ్లు ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని రుజువు చూపించాలి. 2020లో ఆ గడువు డిసెంబరు నెలాఖరు దాకా, అది చాలక 2021 ఫిబ్రవరి నెలాఖరు దాకా పెంచారు. పోస్ట్‌మాన్ ఇంటికే వచ్చి వేలిముద్రతో పని పూర్తి చేసే ఏర్పాటూ ఆ నవంబరులోనే వచ్చింది. ఎంత మంచి ఏర్పాటో! మంచాన పడినవాళ్లకి అది వరమే. కానీ నడవగలిగినవాళ్లకి ఏడాదికోసారి పోస్టాఫీసుకి వెళ్లి "నేను ఉన్నాను" అని సంతకం పెట్టి, ఆ నలుగురూ ఉన్నారో లేదో చూసుకుని రావడంలో ఒక తృప్తి ఉంది. ఇంటికి వచ్చే సదుపాయం ఉంది కదా అని బయటికి వెళ్లే దారి మూసెయ్యకూడదు.

"అప్పట్లో భయం అలాంటిది మరి" అంటారా? అవును. 2021 ఏప్రిల్, మే నెలలు ఎవరు మర్చిపోగలరు? ఆక్సిజన్ కోసం, మంచం కోసం ఎంతమంది పరుగులు పెట్టారో చూశాం. ఆ రోజుల్లో పెద్దవాళ్లని బజారుకి పంపమని నేను అనను. ఎప్పుడు లోపలుండాలో అప్పుడు ఉండాల్సిందే. నా మాటల్లా ఏమిటంటే, ఆ నిర్ణయం వాళ్లతో కూర్చుని చెయ్యాలి, ప్రమాదం తగ్గగానే పనులు వాళ్లకి అప్పగించాలి. రోగం కోసం కట్టిన కట్టు రోగం తగ్గాక విప్పుతాం కదా.

ఇంకో వైపు నుంచి కూడా చూడండి. వాళ్ల దగ్గర తీసుకున్న పనులు గాల్లోకి పోలేదు. మా వారి ఆఫీసు తెరిచాక బజారు నాకు వచ్చింది, మందులు నాకు వచ్చాయి, ల్యాబు వాడికి ఫోను చెయ్యడం నాకు వచ్చింది. ప్రతి ఇంట్లోనూ ఇంతే. చెయ్యగలిగిన మనిషిని కూర్చోబెట్టి, ఆ పని ఇంటి కోడలి నెత్తిన పెట్టి, దానికి సేవ అని పేరు పెడితే ఇద్దరికీ అన్యాయమే. ఆవిడకి పొద్దు గడవదు, మనకి పొద్దు చాలదు!

మా ఇంట్లో పనులు ఒక్కొక్కటే వెనక్కి వెళ్లాయి. మొదట మందుల చీటీ. ఏ మాత్ర ఎన్ని మిగిలాయో ఆవిడే చూసి ఆవిడే రాస్తారు, మెడికల్ షాపుకి ఆవిడే ఫోను చేస్తారు. తరవాత బజారు, ఎండెక్కకముందే, తెలిసిన ఆటో అతనితో. బరువు మొయ్యకుండా రెండు చిన్న సంచులు. ల్యాబులోనూ డాక్టరు దగ్గరా రాయించిన నంబరు ఇప్పుడు ఆవిడ బటన్ ఫోనుదే, మెసేజి చదవడం మా అమ్మాయి నేర్పింది. మొదట్లో ఒకటి రెండు తికమకలు రాకపోలేదు. ఒకసారి బీపీ మాత్రలు పది బదులు ముప్పై తెచ్చుకున్నారు. అయితే ఏమైంది, పై నెలకి పనికొచ్చాయి. మనం మాత్రం లెక్క తప్పమా?

ఒకసారి పడిపోయినవాళ్లో, మతిమరుపు మొదలైనవాళ్లో ఉంటే వాళ్లకి తోడు కావాలి, అది వేరు. అక్కడ కూడా పనంతా లాగేసుకోనక్కర్లేదు. సంచి మనం పట్టుకుంటే వంకాయలు వాళ్లు ఏరవచ్చు. క్యూలో మనం నిలబడితే సంతకం వాళ్లు పెట్టవచ్చు.

మన పెద్దవాళ్లు తరచూ ఒక మాట అంటుంటారు, కాళ్లూ చేతులూ ఆడుతుండగానే పోవాలని. అది చావు గురించిన మాట అనుకుంటాం. అందులో ఉన్నది ఉన్నన్నాళ్లూ కాళ్లూ చేతులూ ఆడాలన్న కోరిక. వాటికి పని లేకుండా మనం చేస్తే ఆ కోరిక తీరేదెలా?

కాబట్టి ఈ నెలలో మీ ఇంట్లో పెద్దవాళ్లకి డాక్టరు దగ్గర చూపించుకునే రోజు ఉంటే, ఏం అడగాలనుకుంటున్నారో ముందు రోజు రాత్రి వాళ్లనే కాగితం మీద రాసుకోమనండి. లోపలికి వెళ్లాక మొదటి మాట వాళ్లని మాట్లాడనివ్వండి. మధ్యలో అందుకోవద్దు. ఆ తరవాత బయటికొచ్చి బెంచీ మీద కూర్చోండి. మనం ఒక చోట కాసేపు ఊరికే కూర్చుని కూడా ఎన్నాళ్లయిందో!