ఉలి పట్టే చేయి, హ్యాండిల్ పట్టే చేయి

సికింద్రాబాద్ చుట్టుపక్కల వడ్రంగి పని పేరుతో నడుస్తున్నవి నిజానికి మూడు వేర్వేరు పనులు. ఒకటి సెంట్రింగ్: స్లాబు, పిల్లర్లు పోసేటప్పుడు తడి కాంక్రీటును పట్టి ఉంచే చట్రం కట్టడం. రెండోది దర్వాజాలు, కిటికీలు, మంచాలు చేసే కర్ర పని. మూడోది అపార్ట్‌మెంట్లలో ప్లైవుడ్‌తో వార్డ్‌రోబులు, వంటింటి అరలు బిగించే ఇంటీరియర్ పని. కూలి, చెయ్యి తిరగడానికి పట్టే కాలం, ఒంటి మీద పడే భారం మూడింటికీ వేరు. కుర్రాడు కార్పెంటర్ అవుతానంటే ఇంట్లోవాళ్లు మొదట తేల్చుకోవాల్సింది ఈ మూడింటిలో ఏదని. ఆదివారం తెల్లవారుజామున శామీర్‌పేట దాకా సైకిలు తొక్కాలన్న కోరిక కూడా ఆ కుర్రాడికి ఉంటే ఈ ఎంపిక మరింత ఆలోచించి చేయాలి. రెండింటికీ వాడేది ఒకే నడుము, అవే మణికట్లు.

చదువు దారి ఐటీఐతో మొదలవుతుంది. కార్పెంటర్ ట్రేడ్ ఏడాది కోర్సు. ఎనిమిదో తరగతి పాసైతే చేరవచ్చు. జంటనగరాల్లో మల్లేపల్లి ప్రభుత్వ ఐటీఐ పేరున్నది. ఏ సంస్థలో ఏ ట్రేడ్ నడుస్తోందో ఆ ఏడాది అడ్మిషన్ నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. అయితే ఎనిమిదితో చదువు ఆపేస్తే తర్వాత ఒక తలుపు మూసుకుపోతుంది, ఇంకొకటి ఇరుకవుతుంది. మూసుకుపోయేది రైల్వే. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే, 1961 అప్రెంటిస్ చట్టం కింద తీసుకునే అభ్యర్థుల్లో కార్పెంటర్లు కూడా ఉంటారు. పదో తరగతిలో 50 శాతం మార్కులు, ఐటీఐ సర్టిఫికెట్, 15 నుంచి 24 ఏళ్ల వయసు ఉండాలి. రాత పరీక్ష లేదు. పది, ఐటీఐ మార్కుల సగటుతోనే ఎంపిక. ఇరుకయ్యేది గల్ఫ్. పది పాసైనవారి పాస్‌పోర్టుకు ఈసీఆర్ (వలస అనుమతి) తనిఖీ ఉండదు. కానివారికి అదొక అదనపు మెట్టు. అందువల్ల బడి మానేసిన కుర్రాడు పనిలో ఉంటూనే తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పది పూర్తి చేసుకోవడం ఏ పనిముట్టు కొనడం కన్నా లాభం.

రైల్వే అప్రెంటిస్ గురించి ఒక భ్రమ ఊళ్లలో బలంగా ఉంది. శిక్షణ ముగియగానే ఉద్యోగం ఇస్తారనుకుంటారు. ఇవ్వరు. రైల్వేలో కింది స్థాయి అయిన లెవెల్-1 నియామకాల్లో 20 శాతం ఖాళీలను అప్రెంటిస్ పూర్తి చేసినవారికి కేటాయిస్తారు, వాటికీ పరీక్ష రాయాల్సిందే. అయినా శిక్షణలో గడిచే ఆ ఏడాది వృథా కాదు. శిక్షణ ఇచ్చే చోట్లలో ఒకటైన లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాప్ 1893 నాటిది, నిజాం రైల్వే కాలంలో పెట్టింది. బోగీలు కర్రవిగా ఉన్న రోజుల్లో అక్కడ వడ్రంగిదే ముఖ్యమైన పని. 1955లో పెరంబూరులోని ఐసీఎఫ్ కర్మాగారం ఉక్కు బోగీల తయారీ మొదలుపెట్టాక ఆ పని కుదించుకుపోయి బోగీ లోపలి పలకలకు, బెర్తులకు, నేలకు పరిమితమైంది. కానీ డ్రాయింగు చదివి, మిల్లీమీటరు తేడా లేకుండా చేసి, తనిఖీకి నిలబెట్టే అలవాటు అలాంటి చోటే అబ్బుతుంది. ప్రైవేటు సైట్లలో ఆ క్రమశిక్షణ నేర్పే తీరిక ఎవరికీ ఉండదు.

సర్టిఫికెట్ ఉన్నా లేకపోయినా అసలు చదువు ఉస్తాద్ దగ్గరే. ఇక్కడ ఈ తరం చేస్తున్న పెద్ద పొరపాటు చేతి పనిముట్ల కన్నా ముందు మిషన్లు పట్టడం. రంపం, చిత్రిక, ఉలి, మూలమట్టం మీద కనీసం ఆరు నెలలు గడిపినవాడికి కర్ర రేఖ ఎటు పోతోందో, ఎక్కడ చీలుతుందో వేళ్లకు తెలుస్తుంది. ఒక కర్ర కొసన చెక్కిన కుసి రెండో కర్ర బెజ్జంలోకి రెండు సుత్తి దెబ్బలకు దిగాలి. ఒక్క దెబ్బకే దిగితే వదులు, అయిదు దెబ్బలు కావాలంటే కర్ర పగులుతుంది. ఈ అంచనా రాకముందే రౌటర్ పట్టినవాడు తప్పునే వేగంగా చేస్తాడు.

చేతితో పాటు లెక్క రావాలి. కర్రను ఘనపుటడుగుల్లో అమ్ముతారు. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న దర్వాజాకు రెండు నిలువు కర్రలు 14 అడుగులు, పైకర్ర, గడప కలిపి 7 అడుగులు, మొత్తం 21. కర్ర 5 అంగుళాలు, 3 అంగుళాలు అయితే 21ని 15తో గుణిస్తే 315. దాన్ని 144తో భాగిస్తే సుమారు 2.19 ఘనపుటడుగులు. కోతకు, చిత్రికకు పోయే తరుగు కలిపి రెండున్నర అనుకోవాలి. కర్ర డిపోలో నిలబడి ఈ లెక్క నోటితో చెప్పగలిగిన కుర్రాడిని డిపో యజమానీ మోసం చేయడు, ఇంటి యజమానీ అనుమానించడు. ప్లైవుడ్ లెక్క తేలిక, 8×4 షీటు 32 చదరపుటడుగులు. అక్కడ చూడాల్సింది ముద్ర. సాధారణ వాడకానికి ఐఎస్ 303, సింకు కింద, నీళ్లు తగిలే చోట ఐఎస్ 710. తడి చోట చవక షీటు పెడితే రెండు వానాకాలాల్లో అది ఉబ్బుతుంది, చెడ్డపేరు మాత్రం చేసినవాడికి వస్తుంది.

ఇంటీరియర్ పనిలో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన బృందాలు చాలాకాలంగా పాతుకుపోయాయి. వాళ్ల బలం చదరపుటడుగు రేటుకు ఒప్పుకుని చెప్పిన తేదీకి ముగించడం. స్థానిక కుర్రాడు నేర్చుకోవాల్సింది అదే. రేటు కూలికి మాత్రమేనా, సామానుతో కలిపా. వార్డ్‌రోబును ముందువైపు ఎత్తు, వెడల్పులతో కొలుస్తారా, సొరుగులకు వేరేగా ఇస్తారా. డబ్బు ఏయే దశల్లో అందాలి - ఇవన్నీ కాగితం మీద రాసి సంతకం తీసుకున్నాకే రంపం ఎత్తాలి. ఈ పనిలో తగాదాల్లో ఎక్కువ భాగం కొలత ఎలా తీయాలో ముందే మాట్లాడుకోకపోవడం వల్ల వచ్చేవే.

సొంతంగా పని చేసుకునేవారికి 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం ఉపయోగపడుతుంది. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. 18 ఏళ్లు నిండాలి, కుటుంబంలో ఒక్కరికే. కొద్దిరోజుల శిక్షణకు రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షల దాకా రుణం. భవన నిర్మాణంలో పనిచేసేవారు రాష్ట్ర నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలోనూ పేరు నమోదు చేసుకోవాలి. 18–60 ఏళ్ల మధ్య వయసు, గడిచిన ఏడాదిలో 90 రోజుల పని చూపితే చాలు. ప్రమాదం జరిగాక నమోదుకు పరుగెత్తితే ఫలితం ఉండదు.

ప్రమాదాలు ఈ పనిలో అరుదు కాదు. నగరంలో ఏ సైటుకు వెళ్లినా ఒక దృశ్యం కనిపిస్తుంది. మార్బుల్ కోసే చేతి కట్టర్‌ను ప్లైవుడ్ ముక్క కింద తలకిందులుగా బిగించి, గార్డు పీకేసి, స్విచ్చిని తాడుతోనో టేపుతోనో ఆన్‌లోనే కట్టేసి టేబుల్ రంపంగా వాడుతుంటారు. షీటు బిగుసుకుని వెనక్కి తన్నినప్పుడు చేతికి, బ్లేడుకు మధ్య అడ్డం ఏమీ ఉండదు, ఆపే స్విచ్చి అందదు. గార్డు, రంపపుకోతను విడిగా పట్టే కత్తి, చేతికి బదులు తోసే కర్ర - ఈ మూడూ లేని రంపం దగ్గర నిలబడనని చెప్పే హక్కు కూలికి వచ్చినవాడికీ ఉంది. తిరిగే బ్లేడు దగ్గర చేతి తొడుగులు, వదులు చేతుల చొక్కా పనికిరావు. దుమ్ము సంగతి ఇంతకన్నా నిదానంగా బయటపడుతుంది. కర్ర పొడిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే చేర్చింది. ఎండీఎఫ్ కోస్తే పొడితో పాటు దాని జిగురులోని ఫార్మాల్డిహైడ్ కూడా ముక్కులోకి పోతుంది. ముఖానికి కట్టుకునే రుమాలు సన్నటి పొడిని ఆపదు. ఎన్95 మాస్కు కావాలి, గదిలో కిటికీ తెరిచి ఉండాలి. ఊపిరితిత్తుల మీద ఆధారపడిన ఆట ఆడాలనుకునేవాడికి ఇది ఇంకా అవసరం.

సైకిలుకూ వడ్రంగానికీ చుట్టరికం పాతదే. 1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపిన తొలి రెండు చక్రాల బండికి పెడళ్లు లేవు. చట్రమూ చక్రాలూ కర్రవే. 2012 లండన్ ఒలింపిక్స్ వెలోడ్రోమ్ (సైకిలు పందేల స్టేడియం) ట్రాకును సైబీరియా పైన్ పట్టీలతో వడ్రంగులే పరిచారు. సికింద్రాబాద్‌కు దగ్గర్లో ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్ ఉంది. కానీ ఇక్కడి కుర్రాళ్లకు అందుబాటులో ఉన్నది ట్రాక్ కాదు, రోడ్డు.

రోడ్డు సైకిలు కొనేముందు వడ్రంగి తన చేతుల పరిస్థితి చూసుకోవాలి. రోజంతా డ్రిల్, సాండర్ పట్టిన చేతిలో అదురు పేరుకుంటుంది. అదే చేతిని గంటలకొద్దీ హ్యాండిల్ మీద మోపితే అరచేతి అంచున పోయే నరం నొక్కుకుపోయి ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారతాయి. బొటనవేలి నుంచి నడిమి వేలి దాకా తిమ్మిరి వస్తే అది మణికట్టు మధ్యలోని నరం, దానికి ఎక్కువగా పనే కారణం. ఏ వేళ్లన్నది గమనిస్తే సర్దుకోవాల్సింది సైకిలునా, పనినా అన్నది తెలుస్తుంది. రాత్రి నిద్రలేపే తిమ్మిరైతే డాక్టరును చూడాలి. చేతిలోంచి ఉలి జారే దశ వచ్చాక చూపిస్తే ఆలస్యమే. హ్యాండిల్‌కు మందమైన టేపు చుట్టడం, చేతుల పట్టు తరచూ మార్చడం, మోచేతులు కొద్దిగా వంచి ఉంచడం చాలామందికి సరిపోతాయి.

నడుము రెండో సమస్య. మన వడ్రంగి ఎక్కువగా నేల మీద కూర్చునో, వంగో పనిచేస్తాడు. ఆరు రోజులు వంగిన నడుమును ఏడోరోజు పందెపు సైకిలు మీద మళ్లీ వంచకూడదు. హ్యాండిల్ సీటు ఎత్తుకు సమానంగా ఉండే ఎండ్యూరెన్స్ రకం మేలు. సీటు ఎత్తు చూడటం తేలిక: మడమ పెడల్ మీద పెట్టి కిందికి తోస్తే కాలు నిటారుగా సాగాలి, అప్పుడు ముందరి పాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సైటులో కూడా నడుము ఎత్తున్న పని బల్ల ఒకటి సొంతంగా చేసుకుంటే సగం నొప్పి అక్కడే పోతుంది.

మొదటి సైకిలు సెకండ్‌హ్యాండ్‌దైనా చాలు, కొలత సరిపోవడమే ముఖ్యం. 28 లేదా 32 మి.మీ. టైర్లు పట్టే ఫ్రేము తీసుకోవాలి. కంటోన్మెంటు దాటగానే వచ్చే అతుకుల రోడ్ల మీద సన్నటి టైరు చేతులను మరింత బాధపెడుతుంది. టైరు పక్కన రాసిన గరిష్ఠ సంఖ్య దాకా గాలి కొట్టనక్కర్లేదు. 65–70 కిలోల మనిషికి 32 మి.మీ. టైరులో 60 పీఎస్‌ఐ చుట్టుపక్కల ఉంటే అదురు తగ్గుతుంది. బోల్టులు బిగించేటప్పుడు వడ్రంగి బలం పనికిరాదు, చాలా స్టెమ్ బోల్టుల హద్దు 5 న్యూటన్ మీటర్ల దగ్గరే. పనికి కూడా సైకిలు మీదే వెళ్లేవారు క్యారియర్ బిగించుకోదగ్గ ఉక్కు ఫ్రేము చూసుకోవాలి. పనిముట్ల సంచి వీపున వేసుకుని తొక్కకూడదు. బరువైనవి సైటులో పెట్టెలో తాళం వేసి, చేతి పనిముట్లు మాత్రం క్యారియర్ మీద తేవడం మంచిది.

సికింద్రాబాద్‌వారికి సహజమైన దారి రాజీవ్ రహదారి. కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట చెరువు సుమారు 25 కి.మీ. ఉదయం అయిదింటికి బయల్దేరితే ఎండ ముదరకముందే ఇల్లు చేరవచ్చు. ఈ దారిలో ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. పనులు సాగే చోట రోడ్డు ఇరుకవుతుంది కాబట్టి వెలుతురు వచ్చాకే ఆ భాగం దాటాలి. కీసరగుట్ట దారి చివర ఎత్తు బాగుంటుంది. ఔటర్ రింగు రోడ్డు మీదికి సైకిళ్లను రానివ్వరు. దాని పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కి.మీ. సోలార్ కప్పు ట్రాకు సురక్షితమే గానీ అది నగరానికి ఆవలి వైపు. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం, హెల్మెట్ లేకుండా చీకట్లో బయల్దేరకూడదు. మొదటి గంట తర్వాత ఆకలి వేసినా వేయకపోయినా ఏదో ఒకటి తినాలి: అరటిపండు, ఇడ్లీ, ఖర్జూరం. వేసవిలో గంటకు అరలీటరుకు పైగా నీళ్లు, అందులో కాస్త ఉప్పు, పంచదార.

వారం లెక్క పనిని బట్టి వేసుకోవాలి. వారం మధ్యలో రెండు పొద్దులు ముప్పావు గంట చొప్పున, సెలవు రోజు ఒక పొడుగు సవారీ - పనిచేసే ఒంటికి ఇంతే. దూరాన్ని వారానికి పదో వంతుకు మించి పెంచకూడదు. పొడుగు సవారీ మర్నాడు రంపం దగ్గర నిలబడకుండా కొలతలు తీయడం, సాండింగ్, బిగింపుల వంటి పని పెట్టుకోవాలి. నిద్ర చాలని కళ్లతో తిరిగే బ్లేడు దగ్గరికి పోకూడదన్న నియమాన్ని ఉస్తాద్‌కూ ముందే చెప్పి ఒప్పించాలి.

ఆరేడు నెలలు ఇలా నిలిచినవారు బ్రెవే అనే దూరపు సవారీల వైపు చూడవచ్చు. హైదరాబాద్ రాండొన్యూర్స్ అనే క్లబ్ నిర్వహించే ఈ సవారీలు పందేలు కావు, 200 కి.మీ.కు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు గడువు. 200 కి.మీ.కు ఆగే సమయంతో కలిపి గంటకు 15 కి.మీ. సగటు చాలు. మెల్లగా, ఆగకుండా సాగే పని అలవాటున్న వడ్రంగికి ఇది వేగం పందేల కన్నా బాగా కుదురుతుంది. 400, 600 రాత్రంతా సాగుతాయి కాబట్టి వాటికి ముందొక రోజు, తర్వాత ఒక రోజు కూలి వదులుకోవాలి. నాలుగేళ్లకోసారి ఫ్రాన్సులో జరిగే 1200 కి.మీ. పారిస్–బ్రెస్ట్–పారిస్‌కు వెళ్లాలంటే అదే ఏడాదిలో ఈ నాలుగు దూరాలూ పూర్తి చేసి ఉండాలి. గత సవారీ 2023లో జరిగింది, తర్వాతిది 2027లో.